సుహైబ్ ముట్టకుండా దించిన కాఫీ

జోర్డాన్‌లోని మా కరక్‌లో మన్సఫ్ తినలేని మగాణ్ణి మగాడనరు. అన్నం, గొర్రె మాంసం, పైన జమీద్ ఉండలు కరిగించి కాచిన పుల్లటి పులుసు. పెళ్లికైనా చావుకైనా మాకదే భోజనం. జమీద్ అంటే ఎండబెట్టిన పెరుగు ఉండ. ఆ ఉండలమ్మే అబూ ఫవ్వాజ్ కూతుర్ని నేను, రువైదాని. నా ఖర్మ ఎలా కాలిందో వినండి.

సుహైబ్‌ని మొదట మందుల షాపులో చూశాను, కౌంటర్ వెనక మందులిస్తూ. నాయనమ్మ బీపీ మాత్రలు తీసుకుని, పోనీలే పాపమని మా కొట్టు జమీద్ ఉండ ఒకటి అతని చేతిలో పెట్టాను. చచ్చిన ఎలుకను పట్టుకున్నట్టు రెండు వేళ్లతో పట్టుకున్నాడు.

"ఏంటా పట్టుకోవడం? రాజధాని అమ్మాన్ నుంచి దిగారా తమరు?"

"ఇక్కడే పుట్టానండీ. పాలూ పెరుగూ నాకు... అంత ఇష్టం ఉండదు."

ఇష్టం ఉండదట, నవాబుగారికి! మర్నాడే నాయనమ్మకు లేని దగ్గుకు మందు కొనడానికి మళ్లీ వెళ్లాను. నా బుద్ధి అలాంటిది.

ఏడాది తిరిగింది. 'మీరు' కాస్తా 'నువ్వు' అయింది. ఐస్‌క్రీమ్ అంటే గొంతు నొప్పనేవాడు. జున్ను పెట్టి చేసే కునాఫా మిఠాయి అంటే షుగర్ వస్తుందనేవాడు. శనగలతో చేసే ఫలాఫిల్, హుమ్ముస్ తప్ప మూడోది ముట్టడు. వట్టి వంకల మనిషి అనుకున్నాను, అయినా వదల్లేకపోయాను. చివరికి పెళ్లి మాట ఇంట్లో చెప్పాను.

"పిల్లనడిగే ముందు వాడు తినడం చూడాలి," అని నాన్న భోజనానికి పిలిచాడు.

అమ్మ పులుసులో జమీద్ చాలదన్నట్టు పెరుగు కూడా ధారాళంగా కలిపింది. నాన్న తన చేత్తో పులుసు పోసి, మంచి ముక్కలన్నీ సుహైబ్ ముందుకు తోశాడు. పైన పెద్ద గ్లాసుడు మజ్జిగ. పాపం, అంతా తిన్నాడు, తాగాడు. తలుపు సందులోంచి చూస్తూ నేను పొంగిపోయాను.

అంతలో ఏలకుల చేదు కాఫీ వచ్చింది. సుహైబ్ కప్పు అందుకున్నాడు. మొహం పాలిపోయింది. కప్పు అలాగే కింద పెట్టి, "వెళ్లొస్తానండీ," అని పరుగు లంకించుకున్నాడు.

మా వాళ్ల దగ్గర కాఫీ ముట్టకుండా దించాడంటే ఏదో పంతం ఉందన్నమాట. అది తేలేదాకా ఆ కప్పు ఇంటి పరువు మీద కూర్చుంటుంది.

"వాళ్ల తాతకీ మనకీ ఆ గొర్రెల తగాదా ఉంది చూడు, అదే అయ్యుంటుంది!" అన్నాడు పెదనాన్న.

"నా ఉప్పు తిని నా కాఫీ కాదంటాడా? వాడు మళ్లీ ఈ గడప తొక్కితే చూడు," అన్నాడు నాన్న.

మర్నాడు వానలో తడుస్తూ షాపుకెళ్లాను.

"ఏమిటయ్యా నీ పంతం? మా నాన్న మీసం దించాలనా?"

"పంతం కాదు రువైదా... కడుపు."

"ఏంటీ?"

"పాలు నాకు అరగవు. కడుపుబ్బరం, నొప్పి, ఆ తర్వాతది అడక్కు. తినబోయే ముందు వేసుకునే మాత్ర ఉంది. జేబులోనే ఉంది కూడా. మీ నాన్న చూపు తిప్పితేగా!"

నవ్వొచ్చింది. వెంటనే ఒళ్లు మండింది.

"మందుల షాపులో కూర్చుని మాత్ర మింగడానికి సిగ్గా? ఏడాదిగా నాతో కూడా అబద్ధాలా? కడుపు సంగతే చెప్పలేనివాడివి మనసు సంగతేం చెప్తావు? చెప్తే అందరి ముందూ చెప్పు. లేదంటే మా నాయనమ్మ వేరే షాపు చూసుకుంటుంది."

వానలో ఏడిస్తే ఎవరికీ తెలియదంటారు. ఆ రోజు ఇంటిదాకా ఏడ్చాను.

శుక్రవారం సుహైబ్‌ని వెంటబెట్టుకుని వాళ్ల పెద్దలు పిల్లనడగడానికి వచ్చారు. పెద్దలొస్తే ఎంత కోపమున్నా గడప దగ్గర ఆపడం మా దగ్గర లేదు. అందరి ముందూ కాఫీ పెట్టారు, ఎవరూ ముట్టలేదు. ఇంటాయన 'తాగండి' అంటే పిల్లనిచ్చినట్టు. అనకపోతే లేచి వెళ్లిపోవడమే.

"మీవాడు ఆ రోజు నా కాఫీ ఎందుకు దించాడు? ముందది చెప్పండి," అన్నాడు నాన్న.

వాళ్ల మేనమామ వంశగౌరవం, స్నేహబంధం అంటూ అందుకున్నాడు. సుహైబ్ లేచి నిలబడ్డాడు.

"మామయ్యా, ఆపు. అబూ ఫవ్వాజ్ గారూ, పాలు నాకు పడవు. ఆ రోజు నేను పరుగెత్తింది పంతంతో కాదు, బాత్రూమ్ కోసం. పాలు లేకుండా బతుకుతాను, రువైదా లేకుండా నా వల్ల కాదు."

ఛీ, సినిమా డైలాగు! అయినా తలుపు వెనక నా కళ్లు తడిశాయి. గదిలో ఒకాయన దగ్గు నటిస్తూ నవ్వాడు.

"పడదని తెలిసే తిన్నావా?" అన్నాడు నాన్న.

"తెలిసే తిన్నానండీ."

"మజ్జిగ కూడానా?"

"మీరు పోశారు కదండీ."

నాన్న అతన్ని ఎగాదిగా చూశాడు. "వట్టి దద్దమ్మవిరా!" అన్నాడు. తర్వాత వంగి, సుహైబ్ ముందున్న కప్పు తీసి తనే అతని చేతిలో పెట్టాడు.

"తాగు. ఇందులో పాలు లేవు."