బొట్టు పెట్టిన సెట్టు

దుర్గాప్రసాద్ ఫోన్లో మాట పూర్తి చేయకముందే ఎయిర్ కంప్రెసర్ గొట్టం అతని మెడకు చుట్టుకుంది.

ఆదిత్యపూర్‌లోని ఒక చిన్న వర్క్‌షాపులో రేసు కార్ల టైర్లకు సెన్సర్లు తయారుచేసే మనిషి అతను. బలంగా కాళ్లు తన్నుకున్నాడు. బల్ల మీది పనిముట్లన్నీ కింద పడ్డాయి. ముక్కులోంచి నెత్తురు కారింది. ప్రాణం పోయాక హంతకుడు ఆ గొట్టాన్ని తీసి మళ్లీ మేకుకు తగిలించి, తీరిగ్గా చేతులు కడుక్కుని వెళ్లిపోయాడు. ఫోన్ ఇంకా లైన్లోనే ఉంది.

ఆ చావును అవతలి నుంచి విన్నవాడు సీక్రెట్ సర్వీస్ చీఫ్ ధర్మరాజు. వెంటనే ఏజెంట్ జెరోమ్‌ను పిలిచాడు.

"టార్గెట్ శాస్త్రవేత్త నాగేంద్రబాబు. మన కొత్త క్షిపణి వాహనం డిజైన్ మొత్తం ఆయన తలలోనే ఉంది. దానికి టైర్ ప్రెషర్ సిస్టమ్ ఎంచుకోవడానికి జంషెడ్‌పూర్ టెస్ట్ ట్రాక్‌లో రేసు కారెక్కుతున్నాడు."

"బాంబు?"

"ఒక చక్రంలో, సెన్సర్ రూపంలో. టైర్ వేడెక్కి ప్రెషర్ ముప్పైకి చేరితే పేలుతుంది. దుర్గాప్రసాద్ చెప్పగలిగింది అంతే."

"డెమో ఆపేద్దాం, సర్."

"ఆపితే ఇది చేయిస్తున్న విదేశీ ముఠా జారిపోతుంది. వాళ్లలో మన డబుల్ ఏజెంట్ ప్రియ ఉంది. ఆ చక్రాన్ని తీసేశానని రిపోర్ట్ పంపింది. నువ్వు మనుషుల్ని పట్టుకుంటే చాలు."

"కారు నడిపేదెవరు?"

ధర్మరాజు గొంతు సవరించుకున్నాడు. "నీ చెల్లెలు జెన్సీ."

జంషెడ్‌పూర్ బారిడీహ్‌లో ఉన్న తన వాళ్లందరి లెక్కలో జెరోమ్ బీమా కంపెనీ సర్వేయరు. ఆ వేషంలోనే టై కట్టుకుని, లావుపాటి కళ్లద్దాలు పెట్టుకుని ట్రాక్ దగ్గర దిగాడు. జెన్సీ హెల్మెట్ తగిలించుకుంటోంది. తల్లి పోయాక ఆ పిల్లకు జడలు వేసి బడికి పంపినవాడు తనే. ఆమెకేమైనా అయితే ఈ ఉద్యోగం, ఈ పతకాలు ఏం చేసుకోవాలో అతనికి తెలియదు. భయం వేసింది, నిలువెల్లా వేసింది.

"క్యా భైయా, నా కారుకీ ఇన్సూరెన్సేనా?"

"కారుకేనే. నీకెవుడిత్తాడు," అన్నాడు నవ్వు తెచ్చుకుని.

చేతిలో టాబ్లెట్‌తో, ఎర్రటి లిప్‌స్టిక్‌తో, పరిమళం వెదజల్లుకుంటూ డేటా ఇంజనీర్ వచ్చింది. ప్రియ.

"వాన టైర్లు తెచ్చారా?" కోడ్ అడిగాడు జెరోమ్.

"మబ్బుల్ని నేను నమ్మను," సరైన జవాబే చెప్పింది. "చక్రం తీసేశాను. రిలాక్స్."

ఆ కారుకు మూడు సెట్ల చక్రాలున్నాయి. ఎండకొకటి, వానకొకటి, స్పేరుగా ఇంకొకటి. ప్రతి చక్రంలోనూ సెన్సర్ ఉంటుంది. ఏ సెట్టు ఎక్కించారో సిస్టమ్‌కు చెబితే, ఆ సెట్టు ప్రెషరే డాష్‌బోర్డు మీద కనిపిస్తుంది. చెప్పే పని ప్రియది.

నాగేంద్రబాబును పక్కన కూర్చోబెట్టుకుని జెన్సీ దూసుకుపోయింది. ఒక రౌండు, ఇంకో రౌండు. టాబ్లెట్ మీద అంకె మాత్రం ఇరవై రెండు దగ్గరే కూర్చుంది.

"కదలదేం?" అన్నాడు జెరోమ్.

"టైర్లు ఇంకా చల్లగా ఉన్నాయి. వేడెక్కించడానికే స్పీడ్ పెంచుతోంది మీ చెల్లెలు."

అంత వేగంలో నాలుగు టైర్లూ చల్లగా ఉంటాయా? జెరోమ్ గ్యారేజీలోకి నడిచాడు. మూలన దుప్పటి కింద నాలుగు చక్రాలు, ఒక్కొక్క రిమ్ము మీద సిందూరం బొట్టు, అంటుకున్న బంతిపూల రేకులు. నిన్ననే పనిముట్లకు విశ్వకర్మ పూజ. ఈ ఊళ్లో పుట్టినవాడికి ఒకరు చెప్పాలా? బొట్టు పెట్టిన సామానే మర్నాడు ముందుగా పనికెక్కుతుంది. వాటి వెనక టైర్ ఫిట్టర్ పైడిబాబు తల పగిలి పడి ఉన్నాడు.

"బాబూ... కారుకెక్కించిన సెట్టు ఇదే," మూలిగాడు. "ఆళ్లు దించీసి, బొట్టు లేనిది ఏసీసారు. ఏటని అడిగితే కొట్టీసారు."

జెరోమ్‌కు అంతా అర్థమైంది. సిస్టమ్‌లో ఎక్కించింది బొట్టు సెట్టనే ఉంది. కారు గ్యారేజీ ముందు నుంచి పోయిన ప్రతిసారీ ఈ చల్లటి చక్రాల రీడింగ్ అందుకుంటోంది. తిరుగుతున్న చక్రాల అసలు ప్రెషర్ ఎవరికీ కనబడటం లేదు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు, ఇదీ ప్రియ వ్యవహారం. రేడియో మైకు అందుకున్నాడు. వైరు తెగి ఉంది.

వెనక నుంచి గొట్టం వచ్చి మెడకు బిగిసింది. దుర్గాప్రసాద్‌ను చంపిన చేతులే. జెరోమ్ మోచేత్తో పక్కటెముకలు విరిచాడు. వాడు అతని కుడిచేతిని బల్లకేసి ఆనించి చక్రాల పానాతో వేళ్లు చితక్కొట్టాడు. జెరోమ్ ఎడంచేత్తో నట్లు బిగించే ఇంపాక్ట్ గన్ లాగి వాడి మోకాలికి పెట్టి నొక్కాడు. ఎముక పిండి అయింది. అరవడానికి తెరిచిన నోరు మూతపడకముందే, కళ్లద్దాల కాడలోని విషపు సూది వాడి గొంతులో దిగింది.

"చాలా శ్రమపడ్డావు," అంది ప్రియ. సైలెన్సర్ ఉన్న పిస్టల్ అతని గుండెకు గురిపెట్టింది. "ఇంకొక్క రౌండు చాలు. ముప్పై అవుతుంది."

దూరంగా ఇంజన్ హోరు దగ్గరపడుతోంది. బొట్టు పెట్టిన చక్రాలకు వాల్వ్ విప్పి గాలి తీయడానికి జెరోమ్‌కు పనిచేసే వేళ్లు లేవు. ఆ సెట్టులోని ముందరి ఎడమ చక్రాన్ని ఎడంచేత్తో ఛాతీకి అదుముకుని ట్రాక్ గోడ దగ్గరికి పరిగెత్తి, అక్కడ, వెంటపడి వచ్చిన ప్రియ వైపు తిరిగాడు.

"కొట్టు," అన్నాడు.

ఆమె కొట్టింది. తూటా టైరును చీల్చి అతని భుజంలో దిగింది. బుస్సున గాలి పోయింది. అదే క్షణంలో కారు గోడ పక్కనుంచి దూసుకుపోయింది. జెన్సీ డాష్‌బోర్డు మీద ఎర్ర దీపం వెలిగింది: ముందరి ఎడమ టైరు, ప్రెషర్ సున్నా.

పంచరైతే బ్రేకు గట్టిగా తొక్కకూడదని డ్రైవర్‌కు నేర్పే మొదటి పాఠం. జెన్సీ యాక్సిలరేటర్ మీద కాలు తీసేసింది. కారు దొర్లుకుంటూ వెళ్లి గడ్డిలో ఆగింది.

ప్రియ మళ్లీ గురిపెట్టేలోపు జెరోమ్ చక్రాన్ని ఆమె మీదికి విసిరాడు. అది ముఖానికి తగిలి, ఆమె తల వెనకున్న కాంక్రీటు స్తంభానికి కొట్టుకుంది. మళ్లీ లేవలేదు.

జెరోమ్ గోడ వెనక కూలబడి, "దూరంగా రండి" అని అరిచాడు. ఆ మాట కారు దాకా చేరలేదు. కానీ జెన్సీ కోపం అతని పని చేసింది. దిగి టైర్లు చూసుకుని, హెల్మెట్ చంకలో పెట్టుకుని, నాగేంద్రబాబును వెంటేసుకుని పైడిబాబుతో పోట్లాడటానికి విసవిసా నడిచి వచ్చేస్తోంది. ఆగిన కారులో బ్రేకుల సెగ రిమ్ములోకి ఎక్కి టైరు ప్రెషర్ పెంచుతోంది.

గోడ అవతలి నుంచే పైడిబాబును పిలుస్తూ అరిచింది. "చిన్నాన్నా, నాలుగు టైర్లూ ఠీకే ఉన్నాయి. పంచరని ఎవడు చెప్పాడు?"

ఆమె వెనక భూమి అదిరింది. నిప్పు లేచింది. కారు ముందు భాగం ముక్కలై గాల్లోకి ఎగిరింది. శాస్త్రవేత్తనూ డ్రైవర్‌నూ ఆ దెబ్బ గడ్డి మీద బోర్లా పడేసింది గాని, ఒక్క ముక్కా తగల్లేదు. జెన్సీ మోకాళ్ల మీద లేచి, గోడ మీదనుంచి తొంగిచూసింది. కింద నెత్తుటి మడుగులో తన బీమా అన్నయ్య కూర్చుని ఉన్నాడు.

"ఇప్పుడు మూడే ఠీక్‌గా ఉన్నాయే," అన్నాడు జెరోమ్.