ఏరిగట్టు ఫ్లాట్‌లో నలభై రోజులు

ఉదయం తొమ్మిదీ పదికి ఆవడి లోకల్ తిరువళ్ళూరు స్టేషన్‌లో ఆగింది. అందరూ దిగారు. కిటికీ పక్కన కూర్చున్న ఏసు మాత్రం దిగలేదు. నైట్ డ్యూటీ చేసి నిద్రపోతున్నాడేమోనని టీ అమ్మే మనిషి భుజం తట్టాడు. ఏసు పక్కకు ఒరిగిపోయాడు.

మెడ మీద సూది గుచ్చిన ఎర్రటి చుక్క ఉంది. చొక్కా జేబులో ఒక చీటీ దొరికింది. దాని మీద 'ఏరిగట్టు, 12' అని రాసి ఉంది.

అదే రోజు మద్రాసులో, ఇన్సూరెన్స్ కంపెనీ బోర్డు వెనక నడిచే ఒక రహస్య ఆఫీసులో, చీఫ్ శివప్రకాశం ఆ చీటీని ఏజెంట్ వెంకటపతి ముందుకు తోశాడు.

"ఏసు ఆవడి టాంకుల ఫ్యాక్టరీలో డ్రాఫ్ట్స్‌మన్. కొత్త టాంక్ గన్‌సైట్ డ్రాయింగులు ఫోటోలు తీసి అమ్మాడు. భయపడి మన దగ్గరికి రాబోతుంటే చంపేశారు. వాళ్ళకింకా ఆరు షీట్లు కావాలి. లోపల రెండో మనిషి ఉన్నాడు."

"కొనేదెవరు సార్?"

"వెర్నర్. తిరువళ్ళూరు చెరువుగట్టును బాగుచేసే స్కీమ్‌కి విదేశీ కన్సల్టెంట్‌గా వచ్చాడు. ఉండేది అక్కడి కొత్త ఫ్లాట్లలో, పన్నెండో నంబర్. ఫిల్మ్ చేతిలో ఉండగా పట్టుకోవాలి. ఒట్టి చేతులతో దొరికితే ఎంబసీ వాళ్ళు కారెక్కించుకుని తీసుకుపోతారు. నువ్వు పదకొండో నంబర్ బాడుగకు తీసుకో."

"ఒంటరి మగాడికి ఇల్లెవరిస్తారు సార్?"

"అందుకే కాంచన వస్తోంది."

తలుపు దగ్గర నీలం చీరలో నిల్చున్న మనిషిని వెంకటపతి అప్పుడు చూశాడు. కాంచన డబుల్ ఏజెంట్. ఈ ఆఫీసు రహస్యాలు దొంగిలించి తనకు అమ్మే టైపిస్ట్ అని వెర్నర్ నమ్మకం. పక్క ఫ్లాట్‌లో దిగమని ఆమెకు చెప్పింది కూడా అతనే. మొగుడున్న ఆడదాన్ని ఎవరూ అనుమానించరట.

"ఏమీ తెలియని ఆ మొగుడివి నువ్వు," అన్నాడు చీఫ్.

*

ఒకప్పుడు ఆ గట్టు మీద నడిచేవాళ్ళు ముక్కు మూసుకునేవాళ్ళు. తోళ్ళు ఊరబెట్టే షెడ్లు, రైస్‌మిల్లు ఊక గుట్టలు, మురుగు. మున్సిపాలిటీ షెడ్లు తీయించి, రాతికట్ట కట్టి, దీపస్తంభాలూ సిమెంటు బెంచీలూ వేయించింది. రైస్‌మిల్లు తాయమ్మ మిల్లును పడగొట్టి మూడంతస్తుల ఫ్లాట్లు కట్టించింది. చెరువును ఏరి అనే జనం నోట ఆ చోటు 'ఏరిగట్టు' అయింది. ఇప్పుడక్కడ ఇల్లు దొరకడమే గగనం.

తాయమ్మ ఇద్దర్నీ ఎగాదిగా చూసింది.

"యాడ ఊరు నాయనా మీది?"

"పాండూరమ్మా. మందుల కంపెనీలో రెప్‌ని."

"పెండ్లయి ఎన్నాళ్ళయింది?"

"ఏడాది," అన్నాడు వెంకటపతి.

"ఎనిమిది నెలలు," అంది కాంచన, అదే క్షణంలో.

తాయమ్మ కళ్ళు చిన్నవయ్యాయి. కాంచన తడబడలేదు. "నాలుగు నెలలు ఈయన టూర్లలోనే ఉండినాడు గదమ్మా. వాటిని నేను లెక్కలో వేసుకోను."

తాయమ్మ పగలబడి నవ్వింది. తాళంచెవి కాంచన చేతికే ఇచ్చింది.

*

పని మొదలైంది. వెంకటపతి ట్రాన్సిస్టర్ రేడియోలో ట్రాన్స్‌మిటర్ ఉంది. కాంచన పౌడర్ డబ్బాలో కెమెరా ఉంది. 'కొళాయిలో నీళ్ళొస్తున్నాయి' అంటే అంతా క్షేమం. 'నీళ్ళు ఉప్పగా ఉన్నాయి' అంటే ప్రమాదం. ఆమె బయట అడుగుపెడితే చాలు, డిపార్ట్‌మెంట్ మనుషులు మునిస్వామి, నటరాజ్ నీడల్లా వెంట ఉండేవాళ్ళు.

పనికి అవసరం లేనివి కూడా ఆ ఇంట్లోకి వచ్చి చేరాయి. కాంచన కిటికీలకు పచ్చ కర్టెన్లు కుట్టింది. బాల్కనీలో కనకాంబరం మొక్క పెట్టింది. వెంకటపతికి చారు చిక్కగా ఉంటే నచ్చదని వారంలో కనిపెట్టింది. సాయంత్రం నీళ్ళ మీది వెలుగు గోడ మీద కదులుతుంటే ఇద్దరూ కాఫీ గ్లాసులతో కూర్చునేవాళ్ళు. పక్క బాల్కనీలో వెర్నర్ ఉంటే చేయి పట్టుకుని కూర్చునేవాళ్ళు. ఒకనాడు వెర్నర్ లోపలికి వెళ్ళి చాలాసేపయినా చేతులు విడలేదు.

"నిజంగానే ఇట్లా ఒక ఇల్లు తీసుకోవచ్చు," అంది ఆమె, నీళ్ళ వైపు చూస్తూ.

"ఈ పని అయిపోనీ," అన్నాడతను.

ఆ మాటను మించి ఇంకేదైనా అని ఉండాల్సిందని తర్వాత అతనికి చాలాసార్లు అనిపించింది.

ముప్పై తొమ్మిదో రోజు మధ్యాహ్నం అతను అనుకున్నదానికంటే ముందే ఇంటికొచ్చాడు. వంటింట్లో కాంచన వీపు కనబడింది. అతని శాంపిల్ బ్యాగులోని రహస్య కాగితం ముందు పెట్టుకుని కాపీ రాస్తోంది. ఏ రైల్వే స్టేషన్లలో డిపార్ట్‌మెంట్ నిఘా ఉందో తెలిపే లిస్టు అది. పది నిమిషాల తర్వాత ఆ కాపీ బాల్కనీ పిట్టగోడ మీదుగా వెర్నర్ చేతికి వెళ్ళింది.

వెంకటపతి చప్పుడు చేయకుండా బయటికొచ్చాడు. గట్టు చివరి బెంచీ మీద కూర్చుని ట్రాన్సిస్టర్ తిప్పాడు.

"నీళ్ళు ఉప్పగా ఉన్నాయి సార్. కాంచన అటు మారిపోయింది."

అవతల చీఫ్ గొంతు. "చూశావా?"

"కళ్ళారా చూసినాను."

"అయితే ఆమె వెనకున్న ఇద్దర్నీ పిలిపించేస్తున్నాను. వాళ్ళ మనిషికి మన కాపలా ఎందుకు? సరేనా?"

"సరే సార్," అన్నాడు.

*

మర్నాడు ఆడికృత్తిక, తిరుత్తణి కొండకు జనం కావళ్ళు మోసుకుపోయే పండగ. అతను నిద్ర లేచేసరికి కాంచన లేదు. పన్నెండో నంబర్‌కి తాళం వేసి ఉంది. స్టవ్ పక్కన, అన్నం గిన్నె కింద ఒక ఉత్తరం ఉంది. ఆమె అతన్ని 'నువ్వు' అని పిలిచింది అదే మొదటిసారి.

'కోపం చేసుకోవద్దు. నీ లిస్టు కాపీ చేసి వెర్నర్‌కి ఇచ్చినా. అన్ని స్టేషన్లలో నిఘా ఉండాదని, తిరుత్తణిలో మాత్రం లేదని మార్చి రాసినా. నమ్మినాడు. షీట్లన్నీ చేతికొచ్చినాయంట. ఫిల్మ్ తనే తీసుకొని, కొండకు పోయే జనంలో కలిసిపోయి, పన్నెండుకి తిరుత్తణిలో బొంబాయి రైలెక్కుతాడు. నన్నూ తోడు రమ్మన్నాడు. నీకు ముందే చెప్పుంటే నీ మొకంలో తెలిసిపోయుండేది. మనవాళ్ళిద్దరూ నా వెనకనే ఉంటారు గదా, నాకేం భయం లేదు. అన్నం తిని బయల్దేరు.'

అతను తినలేదు. బుల్లెట్ మోటార్‌సైకిల్ కనకమ్మ సత్రం దాటేసరికి రోడ్డంతా కావళ్ళు, పసుపు బట్టలు. హారన్ మీద నుంచి చేయి తీయకుండా తిరుత్తణి చేరాడు. టైము పదకొండూ నలభై.

కొండ మెట్ల మొదట్లో ఒకచోట జనం గుమిగూడి ఉన్నారు. ఎవరో ముసలామె కాంచన తలను ఒళ్ళో పెట్టుకుని విసురుతోంది.

"ఎండకు సొమ్మసిల్లినట్టుండాది నాయనా," అంది.

మెడ మీద ఎర్రటి చుక్క కనబడింది. పని అయిపోయిన మనిషిని బతకనిచ్చే అలవాటు వెర్నర్‌కి లేదు.

"కాంచనా."

ఆమె కళ్ళు తెరిచింది. "ఫ్లాస్కు," అంది. "ఫ్లాస్కు అడుగున." కళ్ళతో జనంలో వెతికింది. "మునిస్వామి వాళ్ళు యాడ? తిరిగి చూస్తే ఒకరూ లేరే."

అతను ఆమె చేతిని గట్టిగా పట్టుకున్నాడు.

"పో. రైలు వెళ్ళిపోతాది."

ఆమె చేతిని తన చేతిలోంచి విడదీసి ముసలామె చేతిలో పెట్టాడు. లేచి పరుగెత్తాడు. జీవితంలో అతను చేసిన అన్ని పనుల్లోకీ కష్టమైంది అదే.

స్టేషన్ మాస్టర్‌కి కార్డు చూపించి కొక్కేనికి తగిలించిన టికెట్ కలెక్టర్ నల్లకోటు తొడుక్కున్నాడు. ఫస్ట్ క్లాస్ పెట్టె ఎక్కేసరికి రైలు కదిలింది. నుదుట విభూతితో, మెడలో పూలదండతో వెర్నర్ కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో ఫ్లాస్కు ఉంది.

"టికెట్ ప్లీజ్."

వెర్నర్ టికెట్ చాపుతూ తలెత్తాడు. పక్కింటి మొగుణ్ణి గుర్తుపట్టాడు. అతని చేయి సూది కోసం కోటు జేబులోకి వెళ్ళింది. వెంకటపతి ఆ మణికట్టును కిటికీ ఊచలకేసి విరిచి, రెండో చేత్తో చైన్ లాగాడు. ప్లాట్‌ఫారం అంచు ఇంకా పది అడుగులుండగా రైలు ఆగింది. ఫ్లాస్కు అడుగు మర తిప్పితే, ఫిల్మ్ చుట్ట అరచేతిలోకి జారింది.

అతను మెట్ల దగ్గరికి తిరిగొచ్చేసరికి ముసలామె విసరడం ఆపేసింది. కాంచన ముఖం మీద తన కొంగు కప్పి ఉంచింది.

*

ఫిల్మ్‌లోని షీట్లను బట్టి ఫ్యాక్టరీలోని రెండో మనిషిని ఆ సాయంత్రమే పట్టుకున్నారు. చీఫ్ భుజం మీద చేయి వేశాడు. "కాపలా తీయించింది నేనే వెంకటపతీ," అన్నాడు. అది ఇద్దరికీ ఏ ఓదార్పూ ఇవ్వలేదు.

ఇల్లు ఖాళీ చేస్తుంటే తాయమ్మ వచ్చింది.

"నీ పెండ్లాం యాడ నాయనా?"

"పోయిందమ్మా."

"కొట్లాడినావా?"

"తప్పు నాదేనమ్మా."

"అట్లయితే పోయి కాళ్ళు పట్టుకొనయినా పిలుచుకొని రా. అట్లాంటి పిల్ల మళ్ళీ దొరకదు."

అతను తలూపాడు. కర్టెన్లు తీయబోయి, తీయలేక అలాగే వదిలేశాడు.

మద్రాసు వెళ్ళాక సెలవు ఫారం నింపాడు. పది రోజులు. కారణం: భార్య మరణం.

ఫారం వారానికి తిరిగొచ్చింది. అడుగున గుమాస్తా ఎర్ర ఇంకుతో రాశాడు: 'రికార్డుల ప్రకారం ఈ అధికారికి పెళ్ళి కాలేదు. సరైన కారణంతో మళ్ళీ దరఖాస్తు చేసుకోవలెను.'