నాడి దొరకని మామ

“ఈ ఇన్వర్టర్ మీద ఏమేం నడవాల మేడమ్? ఫ్యాన్లా, టీవీనా, ఫ్రిజ్జా?” అని అడిగాను.

“మా నాయన” అంది ఆ అమ్మాయి.

కడపలో షాపు పెట్టినప్పటి నుంచి చాలా రకాల కస్టమర్లను చూశాను. నాయన్ని ఇన్వర్టర్ మీద నడిపేవాళ్ళను మాత్రం చూడలేదు.

“అంటే... నాయన టీవీ చూస్తారా?”

“టీవీ కాదన్నా, నాయనే నడవాల. ఆయన గుండెకు పంపు పెట్టినారు మద్రాసులో. పగలు బ్యాటరీల మీద తిరుగుతాది. పడుకునేటప్పుడు ప్లగ్గులో పెడతాం. కరెంటు పోయినా ఆ ప్లగ్గు ఆగకూడదు.”

“ఓ, బోరు మోటరు మాదిరి.”

ఆమె నన్ను తేరిపార చూసింది. “బోరు మోటరు కాలిపోతే రివైండింగ్‌కు ఇస్తారు. మా నాయన్ని యాడికియ్యాల?”

నోరు మూసుకొని ఉన్నవాటిలో మంచి ఇన్వర్టర్ తీశాను. ఆమె పేరు నాగజ్యోతి. నన్ను అన్నా అన్నందుకు మాత్రం ఆ పూటంతా మనసు చివుక్కుమంటూనే ఉంది.

ఇన్వర్టర్ బిగించడానికి వాళ్ళింటికి నేనే వెళ్ళాను. పనివాళ్ళున్నారు కదా అని మీరడగొద్దు. వాళ్ళ నాయన ఓబుళేశు శెనక్కాయల వ్యాపారి. భుజానికి సంచి, సంచిలో రెండు బ్యాటరీలు, అందులోంచి పొట్టలోకి ఒక వైరు. మనిషి మాత్రం కళకళలాడుతున్నాడు.

“రాప్పా, కూర్చో” అన్నాడు. “మా పాప యూనివర్సిటీలో నా రక్తం మీదనే రీసెర్చి చేస్తాండాది. ఇంట్లో ఉంటే నాయన్ని, ఆడికి పోతే శాంపిల్‌ని.”

“రక్తంలో ఏముంటాది మేడమ్ చూసేదానికి?” అన్నాను, మాటలు పెంచుదామని.

ఆమె కుర్చీ లాక్కొని కూర్చుంది. “శెనక్కాయలు ఒలిచే మిషను స్పీడెక్కువైతే ఏమైతాది?”

“పొట్టుతో పాటు గింజలూ పగుల్తాయి.”

“పంపులో రక్తకణాలు గూడా అంతే, కొన్ని పగుల్తాయి. ఇంగ రక్తం గడ్డ కట్టాలంటే దారం మాదిరి పొడుగ్గా ఉండే ప్రోటీన్ ఒగటి కావాల. పంపు వడికి అది సాగి తెగిపోతాది. అందుకే ఊరికే ముక్కులో నుంచి రక్తం కారతాది, చిన్న దెబ్బకే కమిలిపోతాది.”

“అయితే గడ్డ కట్టే మందు ఇయ్యొచ్చు గదా?”

“ఇస్తే పోయి పంపులోనే కడతాది. అందుకని పల్చబడే మాత్ర రోజూ వేస్తాం. ఇటు కారకూడదు, అటు కట్టకూడదు.”

“మా అమ్మకూ మా జేజికీ మధ్యలో మా నాయన మాదిరి” అన్నాను.

నాగజ్యోతి పకపకా నవ్వింది. నా పని అయిపోయిందని నాకు అప్పుడే తెలిసిపోయింది.

ఆ తర్వాత కొత్త బ్యాటరీకి వారం వారం నీళ్ళు చూడాలని చెప్పి వెళ్ళడం మొదలుపెట్టాను.

“పక్కింట్లో ఆర్నెల్లకోసారి పోస్తారంటనే?” అంది ఒకసారి.

“అది వేరే కంపెనీ మేడమ్.”

“మాదీ అదే కంపెనీ.”

“మోడల్ వేరే.”

ఒకరోజు ఫోన్ చేసింది. గొంతులో నిప్పులు. “మా నాయనకు తోటకూర ఎవురు పెట్టినారు?”

“మా అమ్మ నాలుగు దినాలు నా కాడ ఉండిపోదామని ఊరి నుంచి వచ్చి, పప్పు చేసి పంపింది. ఆయనకు బాగుందంట, సంగట్లోకి మల్లా మల్లా అడిగినాడు...”

“ఆకుకూర ఎప్పుడూ తినేదానికంటే ఎక్కువైతే ఆ మాత్ర సరిగ్గా పనిచెయ్యదు. ఈ పొద్దు టెస్టులో రక్తం చిక్కబడి ఉండాది. ఎన్నిసార్లు తెచ్చినారు?”

“రోజూ.”

“రోజూనా? నేను ఇంట్లో లేనప్పుడు గూడా వచ్చినారా?”

“ఊఁ.”

“నేను లేనప్పుడు మీకు మా ఇంట్లో ఏం పని?”

“ఆయనకు పొద్దు పోదంట. పులి మేక ఆడేదానికి రమ్మన్నాడు.”

ఆమె గొంతులో నిప్పులు చల్లారాయి. “ఈసారి వచ్చేటప్పుడు తోటకూర తేవద్దు. ఉత్త చేతులతో రా” అంది. ‘రండి’ పోయి ‘రా’ వచ్చింది. ఆ రోజు షాపులో అడిగిన వాళ్ళందరికీ డిస్కౌంట్ ఇచ్చాను.

పెళ్ళి మాట ఎత్తినప్పుడు మాత్రం ఆమె నవ్వలేదు.

“రెండు సంబంధాలు వచ్చి పోయినాయి భూపేష్. ఒగసారి నాయనకు ముక్కులో రక్తం కారింది. కాఫీ గూడా తాగకుండా లేచినారు. ఇంగోళ్ళు, ఇట్లాంటి నాయన్ని వెంటేసుకొని వస్తావా అని అడిగినారు. ఆయన ముందరే అడిగినారు. నేను ఆయన్ని ఇడిచిపెట్టి యాడికీ పోలేను. మీ ఇంట్లో అంతా చెప్పి, అప్పుడు రా.”

చెప్పడానికే వెళ్ళాను. మా ఇంట్లో చెప్పడమంటే మా నాయన్ని కన్న జేజినాయన తిమ్మయ్యకు చెప్పడం. మహానంది దగ్గర మా పల్లెలో ఆయన నాడి చూస్తాడు. అవతలి వైపు తండ్రి మణికట్టు పట్టుకొని నాడి చూశాకే మా ఇంట్లో తాంబూలాలు మార్చుకుంటారు. మా మేనత్తకు వచ్చిన ఒక మంచి సంబంధం, కాబోయే వియ్యంకుని నాడి కప్పలా గెంతుతోందని ఆయన వద్దన్నందుకే తప్పిపోయింది.

“వాళ్ళ నాయన గుండెకు మిషను...” అని మొదలుపెట్టాను.

“తెల్సులేరా. మన ఊరి రంగన్నకూ చర్మం కింద పేస్‌మేకర్ పెట్టినారు. నాడి టకటకమని కొట్టుకుంటాది.”

“అది కాదు జేజినాయనా, ఇది పంపు. నాడి...”

“నాడి సంగతి నాకు చెప్తాండావా నువ్వు?”

ఆ మాటతో ఆయన ఉత్తరీయం దులుపుకొని లేచాడు. దాని తర్వాత ఇంక మాట ఉండదు మా ఇంట్లో.

చూపులకు కడప వెళ్ళాం. నాగజ్యోతి కాఫీలిచ్చింది. జేజినాయన ఓబుళేశు పక్కన చేరి, కళ్ళు మూసుకొని మణికట్టు మీద మూడు వేళ్ళు వేశాడు.

మేమందరం ఎదురుచూశాం. ఆయన వేళ్ళు కాస్త జరిపాడు. గట్టిగా నొక్కాడు. ఆ చెయ్యి వదిలి ఈ చెయ్యి పట్టాడు. ఇంకా గట్టిగా నొక్కాడు. నుదుటి మీద చెమట పట్టింది.

“ఒరే భూపేషా” అన్నాడు కళ్ళు తెరిచి. “ఈయప్ప పోయినాడు రా!”

“పోయినోని కాఫీ చల్లారిపోతాండాది” అన్నాడు ఓబుళేశు. “చెయ్యి ఇడుసుప్పా.”

మా అమ్మ ‘మహానందీశ్వరా’ అని చెంపలేసుకుంది. జేజినాయన ఒక్క ఉదుటున లేచి రెండడుగులు వెనక్కి వేశాడు. “నాడి లేని మనిషిని నేను యానాడూ చూడలే. ఈ సంబంధం నా వల్ల కాదు.”

లోపలి నుంచి నాగజ్యోతి పరుగున వచ్చింది. వచ్చింది నా కోసం కాదు, మా జేజినాయన కోసం అంతకంటే కాదు. వాళ్ళ నాయన చెయ్యి ఎత్తి చూసింది. జేజినాయన నొక్కిన చోట మూడు వేళ్ళంత మేర చర్మం వంకాయ రంగుకు తిరుగుతోంది.

“ఐసు తీసకరా భూపేష్!” అని అరిచింది. తెచ్చాను. ఆమె ఐసు అదుముతూ జేజినాయన వైపు తిరిగింది. “గుండె కొట్టుకుంటేనే గదా నాడి తెలిసేది? పంపు కొట్టుకోదు తాతా, ఆగకుండా తిరుగుతాది. రక్తం కాలవ నీళ్ళ మాదిరి ఒకే వరసన పోతాది. ఆ తిరుగుడుకు రక్తం గడ్డ కట్టే గుణం పోయింది. మీరు పట్టిన పట్టుకు లోపల రక్తం చిమ్మింది. పోతే పోనీండి ఈ సంబంధం. మా నాయనకు ఇంగ ఎవురూ నాడి చూడొద్దు.”

జేజినాయన ఆ మచ్చ వంక చూస్తూ నిలబడిపోయాడు. ఇన్నేళ్ళలో ఆయన చెయ్యి తగిలి ఎవరికీ నొప్పి పుట్టలేదు. మెల్లగా వచ్చి మళ్ళీ కూర్చున్నాడు.

“తప్పైపోయింది ఓబుళేశూ. రోంత నీ ఎద మీద చెవి పెట్టనిస్తావా?”

చెవి పెట్టి విన్నాడు. “గుయ్యిమంటాండాది” అన్నాడు. “నిద్రలో గూడా ఆగదా?”

“ఆగితే నేనుండనప్పా.”

“ఎవురు చూసుకుంటారు?”

“మా పాప.”

“పాపను మేము తీసకపోతే?”

నాగజ్యోతి తల దించుకుంది. ఆమె కళ్ళలో నీళ్ళు చూడగానే నాకు ఎక్కడ లేని ధైర్యం వచ్చింది.

“తీసకపోయేది లేదు జేజినాయనా. నేనే ఈడికొస్తా. ఇల్లరికం.”

మా అమ్మ చేతిలో గ్లాసు జారింది. మా వంశంలో ఇల్లరికం అన్న మాట తిట్టేటప్పుడు తప్ప వాడరు. జేజినాయన నా వైపు చూశాడు, ఓబుళేశు వైపు చూశాడు, చివరికి ఆ కమిలిన చేతి వైపు చూశాడు.

“పోరా” అన్నాడు. “ఈ చెయ్యి కమిలించింది మన ఇంటోళ్ళే. చూసుకునేది గూడా మన ఇంటోళ్ళే ఉండాల. తాంబూలాలు తీయండి.”

మిద్దె మీద నాగజ్యోతి నన్ను నిలదీసింది. “అందరి ముందరా ఇల్లరికం అంటివే, సిగ్గులేదా?”

“ఉండాది. నీ మీద ఉన్నంత ఇష్టం దాని మీద లేదు.”

ఆమె నవ్వబోయి ఏడ్చేసింది. “నాయనకు ఏమన్నా అయితాదేమోనని రోజూ భయపడి చస్తాండా. ఆ భయంలో నీకు సగం ఇస్తా. నువ్వంటే నాకు శానా ఇష్టం భూపేష్.”

కింద నుంచి కేక వినిపించింది. “అల్లుడూ! బ్యాటరీ సైరన్ కొడ్తాండాది. రా, ఇంగ నీదే డ్యూటీ!”

దిగి పరిగెత్తాను. ఎన్ని వేల బ్యాటరీలు మార్చానో, ఆ రోజు మాత్రం కంగారులో రెండిటి మీదా ఒకేసారి చెయ్యి వేశాను. నాగజ్యోతి వచ్చి పక్కన కూర్చుంది.

“రెండూ ఒకేసారి తీయొద్దు” అంది నా చెయ్యి పట్టుకొని. “ఒగటి మార్చేంత వరకు రెండోది మోస్తాంటాది.”