అడ్డపొగ

ఇంద్రజ రోజూ పొయ్యి ముట్టించకముందే అత్తగారు పెద్దతల్లి ఎడమ చెయ్యి పట్టుకుని చూస్తుంది. మణికట్టు దగ్గర ఆపరేషన్ చేసి సిరను ధమనితో కలిపిన చోట వేలు పెడితే, లోపల జుయ్యిమని అదరాలి. ఆ అదురు బాగుంటే చెయ్యి డయాలసిస్ సూదులకు సిద్ధమవుతున్నట్టు. ఆ రోజు ఆమె వేలు చాలాసేపు అక్కడే ఉండిపోయింది.

"ఏటే, అలగ సూత్తన్నావు?" అంది పెద్దతల్లి.

"ఏం లేదత్తా. నిన్నటికంటే కొంచెం సన్నగా ఉంది."

కొంచెం కాదు, చాలా. కానీ పొద్దున్నే ఆ మాట అనడానికి కోడలికి నోరు రాలేదు.

ఉద్దానంలో కిడ్నీ జబ్బు తొక్కని గుమ్మం ఎక్కడుంది! పెద్దతల్లి మొగుణ్ణీ అదే తీసుకుపోయింది. ఇప్పుడామెకు మెడలో తాత్కాలికంగా పెట్టిన గొట్టంతో, పలాసలో వారానికి మూడుసార్లు డయాలసిస్. ఆ గొట్టానికి ఒకసారి చీము పట్టింది. మళ్లీ పడితే విషం రక్తంలోకి పోతుందనీ, ఈలోగా చేతి సిర ఉబ్బి తీరాలనీ డాక్టరు చెప్పేసింది. కుడిచేతికి చేసిన ఆపరేషన్ పాడైపోయింది. ఇక మిగిలింది ఈ చెయ్యే.

మధ్యాహ్నం పలాసలో డాక్టర్ సుచిత్ర ఆ చేతిని నొక్కి చూసి మొహం చిట్లించింది.

"ఎనిమిది వారాలైనా దారంలాగే ఉందేమిటి? రక్తనాళం లోపల సన్నటి పొర ఉంటుందమ్మా. రక్తం జోరుగా పారుతుంటే ఆ పొర నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును పుట్టిస్తుంది. దానివల్లే నాళం గోడ వదులై సిర సాగుతుంది. పొర దెబ్బతింటే ఆ వాయువు చాలదు, సిర బిగుసుకునే ఉంటుంది. పొగ ఆ పొరను చెడగొడుతుంది. ఈవిడకి సిగరెట్టు, బీడీ లాంటి అలవాటేమైనా ఉందా?"

"నేదు మేడమ్. మా అమ్మ అలాంటివి ముట్టదు," అన్నాడు ఇంద్రజ భర్త లోకేష్ తడుముకోకుండా.

ఇంద్రజ మాత్రం ఉలిక్కిపడింది. అత్తగారు చుట్ట మానేసి ఏడాదైంది. మానేసిందనే కదా ఇన్నాళ్లూ తను నమ్మింది!

ఆటో దిగి ఇంటి గుమ్మం దాటగానే అత్తగారిని వెలుగులో కూర్చోబెట్టింది.

"నోరు తెరువత్తా."

"ఎందుకే? ఇదేటి పంతం?"

"తెరువు!"

పెద్దతల్లి తెరిచింది. అంగిలి మీద, పాత మరకల మధ్య, కొత్తగా కాలిన మచ్చ ఎర్రగా ఉంది. చుట్టని వెలిగించిన కొస నోట్లోకి పెట్టి తాగే అడ్డపొగ ఆ ప్రాంతం ఆడవాళ్లకి చిన్నప్పటి అలవాటు.

"ఎవరు తెచ్చిస్తున్నారు?"

లోకేషే గయ్యిమన్నాడు.

"నానే తెచ్చాను! అయితే ఏటి? నిప్పు నోట్లో ఉంటాది, పొగ నోట్లోనే ఆగిపోద్ది. మేడమ్ సిగరెట్టా, బీడీయా అనడిగింది. అవి నేవన్నాను. అబద్ధమేటి?"

"నోట్లో పొగ లోపలికి పోక ఎక్కడికి పోతుంది బావా? ఒక్క చెయ్యే మిగిలిందని ఆవిడ ఎంత మొత్తుకుంది!"

"మా నాయినకీ ఇలాగే మొత్తుకున్నారు! ఉప్పు వద్దు, నీళ్లు కొలిచియ్యండి అన్నారు. ఆఖరి రోజు దాహం దాహం అని ఏడుత్తుంటే గుక్కెడు పొయ్యనేదు నాను. అయినా పోయాడు. అమ్మనైనా ఉన్నన్నాళ్లూ..."

అతను ఆగిపోయాడు. అప్పటికే మాట జారిపోయింది.

"ఉన్నన్నాళ్లూ?" అంది పెద్దతల్లి మెల్లగా. "నాను పోతానని అనేసుకున్నావేట్రా?"

"అది కాదమ్మా..."

"పొట్లం తెచ్చి సేతిలో పెట్టినప్పుడల్లా, నా కొడుక్కి నానంటే ఎంత పేనమో అని మురిసిపోయాన్రా."

"పేనమేనమ్మా!" లోకేష్ అక్కడే నేలమీద చతికిలబడి, తల్లి మోకాళ్లలో మొహం దాచుకుని బావురుమన్నాడు. "సచ్చిపోతావని బయమేసింది. అడిగింది ఇయ్యకపోతే మళ్లీ ఆ ఏడుపే నా సెవుల్లో ఉండిపోద్దని బయమేసింది."

పెద్దతల్లి అతని జుట్టు నిమిరింది. రొంటిన దోపుకున్న నాలుగు చుట్టలూ తీసి కోడలి చేతిలో పెట్టింది.

"నీ తప్పేటుందిరా, అడిగింది నానే. కానీ బతకాలనుందా అని నన్ను ఒక్కలూ అడగనేదు. నాకు బతకాలనుందిరా. మేడమ్‌కి నిజం నానే సెప్తాను."

ఇంద్రజకు ఏడుపు ఆగలేదు. అత్తగారి భుజం పట్టుకుని చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది. ముసలామె ఒళ్లు జ్వరంతో కాలిపోతోంది. మెడ దగ్గర గుడ్డ తొలగించి చూస్తే గొట్టం చుట్టూ ఎర్రగా వాచి ఉంది.

"బావా, ఆటో!"

సాయంత్రం ఎండలో ఆటో పలాస రోడ్డెక్కింది. కొడుకూ కోడలూ చెరోపక్క పట్టుకున్నా పెద్దతల్లి చలికి గజగజ వణుకుతోంది. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. అయినా కొడుకు చెయ్యి గట్టిగా పట్టుకుని ముందుకు వంగింది.

"బేగి పోనీ బాబూ," అంది డ్రైవరుతో. "బేగి పోనీ."