బోయాలకు ఈవల

"ఏమయ్యా ఎగోన్ టెస్మర్, గ్లీనికే సరస్సు ఒడ్డునే పుట్టావటగా?" అన్నాడు పశ్చిమ జర్మనీ గూఢచారి శాఖ చీఫ్ క్రోనెబెర్గ్.

"అవతలి ఒడ్డున, సార్. అప్పుడు రెండొడ్లూ ఒకే ఊరు."

ఇప్పుడు కాదు. బెర్లిన్ శివారులోని ఆ సరస్సును సరిహద్దు నిలువునా చీల్చేసింది. చర్చి, శ్మశానం, టెస్మర్ చదివిన బడి తూర్పు జర్మనీ పాలయ్యాయి. ఈతకొట్టే ఇసుక తీరం పశ్చిమానికి దక్కింది. నీళ్ళ నడుమ గుర్తుగా తేలే పీపాలు, ఆ బోయాల వరుసే హద్దు.

"మన రాడార్ ఇంజనీర్ లూడెకే ఈవలి ఒడ్డున సెలవులో ఉన్నాడు. తూర్పు ముఠా అతన్ని ఎత్తుకెళ్ళి పడవలో హద్దు దాటించబోతోంది. ముఠాలో హెడ్డా క్వాస్ట్ అనే గాయని ఉంది. డబుల్ ఏజెంట్, రెండువైపులా పనిచేస్తుంది. ఆమెను పూర్తిగా మనవైపు తిప్పుకో."

"ఎలా?"

"పెళ్ళాడతానని చెప్పు."

టెస్మర్ పడవలు అద్దెకిచ్చేవాడయ్యాడు. పెట్టుడు మీసం, తారు మరకల చొక్కా, సిగరెట్ కేసులో ట్రాన్స్‌మిటర్. ఎర్రకోటు వేసుకున్న హెడ్డా రేవులో కోడ్ పలికింది.

"నీళ్ళెలా ఉన్నాయి?"

"నిరుటికంటే చల్లగా."

"మీసం మీ ఆఫీసువాళ్ళిచ్చిందా? పిల్లి తోకలా ఉంది!"

ఆ వేసవిలో ఆమెను పడవలో తిప్పుతూ తన చిన్నతనం చెప్పాడు. బోయాలకు ఈవల నీళ్ళకింద దాగిన ఇసుకదిబ్బనూ చూపించాడు. ఒక సాయంత్రం పెళ్ళి మాటెత్తాడు. హెడ్డా నవ్వు ఆగిపోయింది.

"నిజంగానా ఎగోన్? నన్నెవరూ ఈ మాట అడగలేదు."

ఆమె ముఖం చూడలేక అవతలి చర్చి శిఖరంకేసి చూశాడు. మీసంకింద చర్మం మండింది.

లూడెకేను ఎప్పుడు ఎత్తుకెళ్తారో చెబుతూ ఆమె పంపిన కబురు నిజమైంది. ఆదివారం ఉదయం, పొగమంచులో మోటారు పడవ దూసుకొచ్చింది. అడుగున మత్తులో లూడెకే. పిస్తోలుతో ముఠా మనిషి గెర్కే. చుక్కాని దగ్గర హెడ్డా. టెస్మర్ వెనకే తన పడవలో తెడ్లు వేసినా అందుకోలేకపోయాడు. బోయాలు ఎదురుగా ఉన్నాయనగా హెడ్డా చుక్కాని తిప్పేసింది. పడవ ఇసుకదిబ్బలో దిగబడింది. గెర్కే బోర్లాపడ్డాడు, పిస్తోలు నీళ్ళపాలైంది.

టెస్మర్ ఇంజనీర్‌ను తన పడవలోకి లాక్కున్నాడు. ఈలోగా గెర్కే హెడ్డా మెడపట్టి నీళ్ళలోకి దూకాడు. హద్దు అవతల గస్తీ పడవలో తుపాకులు పైకి లేచాయి.

"ఎగోన్! చెయ్యివ్వు!"

తెడ్డు చాపితే అందేది. ఆ తెడ్డుతోనే అతను తన పడవను వెనక్కి తోసుకున్నాడు. హెడ్డా మళ్ళీ పిలవలేదు. గెర్కే ఈడ్చుకుపోతుంటే, బోయాలు దాటేదాకా అతన్నే చూస్తూ ఉంది.

"శభాష్! మెడల్ ఖాయం," అన్నాడు చీఫ్ మర్నాడు. "పోతూ ఆమె ఏమైనా అందా?"

"ఏమీ అనలేదు, సార్."

అబద్ధాలకు జీతమిచ్చే ఉద్యోగం అది. ఆ ఒక్క అబద్ధం మాత్రం టెస్మర్ తన సొంతానికి ఆడాడు.