జిడ్డు నేల మీద నీటిచుక్క

ఉదయం తొమ్మిదింటికి ల్యాబ్ తలుపు తీశారు. ఫ్రిజ్‌లో సీసా లేదు.

పోయింది బంగారం కాదు. సీసాడు బురదనీళ్లు. అందులో కంటికి కనపడని బాక్టీరియా. అవి బయోసర్ఫాక్టెంట్ అనే సబ్బులాంటి పదార్థాన్ని వదులుతాయి. ముసలి చమురుబావిలోకి పంపితే, రాతిని పట్టుకు వేలాడే ముడిచమురును అది వదిలిస్తుంది. రేపే పంపాలి. లేదంటే బావి మూసేస్తారు.

వాటిని పెంచిన సైంటిస్టు పోయి మూడు నెలలు. ఆమె తెల్లకోటు ఇంకా కొక్కేనికే ఉంది. ఎవరూ తియ్యరు. పెంచేటప్పుడు సీసాను కుదిపే షేకర్, లేని బిడ్డకు ఉయ్యాల ఊపినట్టు, ఖాళీగానే ఊగుతోంది.

దర్యాప్తుకు వచ్చిన ఇన్‌స్పెక్టరమ్మ దాన్ని ఆపబోయింది.

"ఆపకండి మేడమ్," అంది అదే ల్యాబ్‌లో పనిచేసే, పోయినామె చెల్లెలు. "ఆపితే అక్క వచ్చి ఎందుకాపావని అడుగుతుందేమో అనిపిస్తుంది."

ల్యాబ్ తాళంచెవి చెల్లెలి దగ్గరే ఉంది. పోటీ కంపెనీ ఆమెను ఉద్యోగానికీ పిలిచింది. మేనేజరు అప్పటికే ఆమెను దొంగను చేసేసి, టీ కూడా తాగేశాడు. సాయంత్రంలోగా సీసా దొరక్కపోతే ఆమెను స్టేషన్‌కు తీసుకెళ్లక తప్పదు.

బయట వాన. ఇన్‌స్పెక్టరమ్మ తడిగొడుగుతో పంపు షెడ్డుకు వెళ్లింది. అక్కడి ఇంజనీరు పోయినామె భర్త. భార్య పోయాక ల్యాబ్ గుమ్మమే తొక్కలేదన్నాడు. ఇన్‌స్పెక్టరమ్మ వింటూ అలమారా దాకా నడిచి, నేలకేసి చూసింది. ఇక్కడ సబ్బుతో కడిగారా అని అడిగింది.

"ఈ షెడ్డులో సబ్బెవరు వాడతారండీ? పొడిగుడ్డతో తుడవడమే."

వెంటనే చెల్లెల్నీ మేనేజర్నీ అక్కడికే పిలిపించింది. గొడుగు దులిపింది. ఏళ్లుగా నూనె తాగిన నేల. చుక్కలన్నీ తామరాకు మీది బొట్లలా గుండ్రంగా నిలిచాయి. అలమారా ముందు మాత్రం చప్పున పరుచుకుపోయాయి.

"జిడ్డు మూకుడు తోమిన ఏ చేతికైనా తెలుస్తుంది," అంది. "సబ్బు తగలనిదే జిడ్డు మీద నీళ్లు పరుచుకోవు. ఇక్కడ సబ్బే వాడరని మీరే అన్నారు. మరి ఇక్కడ ఒలికిందేంటి ఇంజనీరుగారూ? మీ ఆవిడ ల్యాబ్ తాళంచెవి ఇంకా మీ దగ్గరే ఉంది కదూ?"

ఆయన అలమారా తెరిచాడు. శాలువాలో చుట్టిన సీసా.

"రేపు దీన్ని బావిలో పోసేస్తారు. తను పెంచినవాటిలో ప్రాణంతో మిగిలింది ఇదే."

"అడిగితే చుక్క ఇచ్చేదాన్ని కదా బావా," అంది చెల్లెలు. "చుక్కే వారంలో సీసాడవుతుంది."

పోసింది పోయినట్టే లెక్క పైపుల మనిషికి. ఆ మాట ఆయనకు తట్టనేలేదు.

అంతలో చెల్లెలి చూపు సీసా మూతి మీద పడింది. దూదిమూత లేదు. రబ్బరు బిరడా, దాని మీద బిగించిన తీగ. చుక్క కారకుండా, పైపు బిగించినంత శ్రద్ధగా బిగించాడు.

"వీటికి గాలి కావాలి బావా."

ఆయన సీసాను ఆమె చేతికిచ్చాడు. తీగ ఆమే విప్పింది. ల్యాబ్‌లో మైక్రోస్కోప్ మీదకు వంగి చాలాసేపు తల ఎత్తలేదు.

"బతికే ఉన్నాయా?" అన్నాడు ఇంజనీరు.

"కొన్నున్నాయి. రేపటికి చాలవు. వారం పెంచాలి."

మేనేజరు నోరు తెరిచాడు. ఈ కేసు ముగించడానికి తనకూ సరిగ్గా వారం పడుతుందని, అందాకా బావి జోలికి వెళ్లొద్దని ఇన్‌స్పెక్టరమ్మ చెప్పింది. ఆయన నోరు మూశాడు.

చెల్లెలు ఒక చుక్కను చిన్న గొట్టంలోకి తీసి, దూదితో మూసి, బావ చేతిలో పెట్టింది.

"ఇది మాత్రం బిగించకు."