తొందరపడని మనిషి

పిండస్ కొండల కింది వైమానిక స్థావరంలో ఏజెంట్ ఆర్గీరిస్ కాఫీ యంత్రాల మెకానిక్ వేషంలో చేరి పందొమ్మిది రోజులైంది. యంత్రం మాత్రం ఇంకా బాగుపడలేదు. ఏథెన్స్ ఇచ్చిన ఆదేశం ఒక్కటే: ఆపదలో ఉన్న సైనికుల్ని వెతికి తెచ్చే రక్షక దళం రహస్యాలను విదేశీ ముఠాకు అమ్ముతున్నదెవరో పట్టుకోవాలి.

మధ్యాహ్నం రెండు నలభైకి రేడియో పలికింది. నిన్న శిక్షణలో పారాచూట్‌తో దూకి, కొండల్లో మాయమైన సార్జెంట్ స్ట్రాటిస్ గొంతు అది.

"కాలు విరిగింది. నది పైన మైదానంలో ఉన్నా. త్వరగా రండి."

రేడియోలో పిలిచేది తానేనని తేల్చుకోవడానికి రక్షక దళంలో ప్రతివాడూ తనకు మాత్రమే తెలిసిన నాలుగు సంగతులు కార్డు మీద రాసిస్తాడు. కట్టుకున్న భార్యకు కూడా వాటిని చెప్పకూడదు. ఆ కార్డులకు సీలు వేసి దాచేది కెప్టెన్ మిర్తో. ఆమె గదిలోకి వస్తే పైలట్లు చెబుతున్న మాట మరిచిపోతారు. ఆమె సీలు చించి నాలుగూ అడిగింది. నాలుగింటికీ సరైన జవాబులే వచ్చాయి. నలుగురితో హెలికాప్టర్ లేచింది. పన్నెండు నిమిషాల ప్రయాణం.

ఆర్గీరిస్‌కు మనసులో ఎక్కడో ముల్లు గుచ్చుకుంది. వంటగదిలోకి వెళ్లాడు. మనిషి తప్పిపోతే ఆ ఇంటివాళ్లే వెతికేవాళ్లకు వండిపెట్టడం అక్కడి ఆనవాయితీ. స్ట్రాటిస్ భార్య ఇవాంథియా పొయ్యిలోంచి పాలకూర కూరిన రొట్టె పళ్లెం తీస్తోంది. అతను స్క్రూడ్రైవర్ పిడి తిప్పాడు. అందులో రికార్డయిన గొంతు వినిపించింది.

ఆమె కళ్లు నిండాయి. రెండోసారి వినిపించమంది. ఈసారి ముఖం పాలిపోయింది.

"గొంతు ఆయనదే. మాట ఆయనది కాదయ్యా. నేను పురిటి నొప్పులు పడుతుంటే కారు మంచులో దిగబడింది. అప్పుడు కూడా అంబులెన్సు వాళ్లకు ఫోన్లో ఏ దారి, వంతెన మీద మంచెంత, ఎక్కడ ఆపాలి అన్నీ చెప్పి, నెమ్మదిగా రండి అన్నాడు. నేను తిట్టిన తిట్లు మా అత్తగారికి ఇంకా గుర్తే. గాలి ఎటు వీస్తోందో చెప్పకుండా ఈయన హెలికాప్టర్ని పిలవడు."

అది ఆయన కాకపోతే ఆయన బతికున్నాడన్న ఆశ కూడా పోతుంది. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసే చెప్పింది. వేడి పళ్లెం చేతిలో ఉందన్న సంగతి కూడా మరిచి రేడియో గదికేసి దూసుకెళ్లిన అతని వెనకాలే పరుగెత్తింది.

మిర్తో మైక్ వదల్లేదు. కార్డు సరిపోయిందని, కాఫీవాడు తన పని తాను చూసుకుంటే మంచిదని అంది.

"గొంతును యంత్రంతో పుట్టించొచ్చు. కానీ ఆ కార్డు చూసింది ఇద్దరే మేడమ్," అన్నాడు ఆర్గీరిస్. "రాసినవాడు, సీలు వేసిన మీరు."

ఆమె చెయ్యి పిస్తోలు మీదికి వెళ్లింది. అంతకంటే ముందే ఆ చేతి మీద పళ్లెం పడింది. ఆర్గీరిస్ మైక్ లాక్కుని వెనక్కి తిరగమని అరిచాడు. మైదానం అంచు నుంచి లేచిన రెండు రాకెట్లు, హెలికాప్టర్ అప్పుడే ఖాళీ చేసిన ఆకాశంలోంచి దూసుకుపోయాయి.

మిర్తో లిప్‌స్టిక్‌లో ట్రాన్స్‌మిటర్ దొరికింది. దాని సంకేతం అందుకుంటున్న చోటు దగ్గరి కొండ మీది ఓ గొర్రెల కాపరి గుడిసె. కమాండోలు కాలినడకన అక్కడికి బయల్దేరారు. ఇవాంథియా రేడియో పక్కన కూర్చుంది. రెండు గంటలపాటు అక్కణ్ణుంచి లేవలేదు. ఆయన శవమై వస్తాడేమోనని ఆమె భయం.

ఐదున్నరకు రేడియో గరగరలాడింది.

"స్ట్రాటిస్‌ని. గాలి పడమర నుంచి. గుడిసె వెనక కరెంటు తీగ ఉంది, చూసుకోండి. కుడివైపు నుంచి దిగండి. తొందరేం లేదు."

ఇవాంథియా కాసేపు ఏడ్చింది. తర్వాత మైక్ అందుకుంది.

"నీకు లేదేమో, నాకుంది. త్వరగా రా."